బయట తాళం, లోపల గడియ

తాజ్‌బీ బియ్యంలో రాళ్లు ఏరుతుంటే గేటు తీసిన చప్పుడైంది. చేట పక్కన పెట్టి ఊపిరి బిగబట్టింది. తలుపుకు బయట తాళం ఉంది కదా, ఎవరైనా సరే చూసి వెళ్లిపోతారులే అనుకుంది. రెండు నెలలుగా ఆ తాళమే ఆమెకు పరదా.

ఆ తాళం ఆమె కోరి వేయించుకున్నదే. భర్త అబ్దుల్ రహమాన్ ఈ ఇంట్లోనే గుండె ఆగి పోయాడు. అప్పటినుంచి ఆమె ఇద్దత్‌లో ఉంది. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకూడదు, పరాయి మగవాళ్ల కంటపడకూడదు. కొడుకు అజీజ్ మోటార్లు బాగుచేసే దుకాణానికీ, కోడలు సమీనా బడిలో పాఠాలు చెప్పడానికీ పొద్దున్నే పోతారు. పాలవాడు తలుపు కొడతాడు, గ్యాసువాడు కొడతాడు, నేనెట్లా పలికేది, బయట తాళం వేసి పో నాయనా అని ఆమే కొడుకును బతిమాలింది. అదే కొంప ముంచుతుందని ఆ పిచ్చితల్లికేం తెలుసు!

ఈసారి వచ్చినవాళ్లు వెళ్లలేదు. బూట్ల చప్పుడు మెట్లెక్కింది. తాజ్‌బీ పిల్లిలా నడిచి కిటికీ రెక్కల సందులోంచి చూసింది. నల్లకోటు వేసుకున్న వకీలు, ఒక కానిస్టేబుల్, చంకలో ఫైలుతో ఒక మనిషి, అతని వెనక సుత్తి పట్టుకుని ఇంకొకడు. ఫైలు మనిషిని ఆమె ఎరుగును. అప్పిచ్చిన కంపెనీ మేనేజర్ గణేష్. ఇదివరకూ వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఆమె లోపల నోరు మూసుకుని కూర్చుంది, తాళం చూసి అతను వెళ్లిపోతే బతికానురా దేవుడా అనుకుంది.

గద్వాల జిల్లా అయిందనగానే ఈ కాలనీలో అందరికీ పూనకం పట్టింది. ఆఫీసులొస్తాయి, ఉద్యోగులొస్తారు, కిరాయిలే కిరాయిలు అన్నారు. ప్లాట్లు కొన్నారు, అప్పులు తెచ్చి అంతస్తులు లేపారు. రహమాన్ మాత్రం తక్కువ తిన్నాడా? బంగారం లాంటి ఇల్లు కంపెనీకి కుదువపెట్టి మీద రెండు వాటాలు కట్టాడు. ఆ వాటాల్లో ఇవాళ్టికీ పావురాలే కాపురం. కిస్తీలు కట్టలేక కాలనీలో సగంమంది తాళాలు వేసి పుణెకో హైదరాబాదుకో పోయారు. అజీజేమో, గడువుంది, పరేషాన్ కాకు అమ్మీ అంటూ వచ్చాడు.

తాళం వైపు చూపిస్తూ వకీలు ఏదో అడిగాడు. గణేష్ నవ్వాడు.

"వనపర్తిల గిట్ల కాదు సార్. ఆడ జనం ఇంట్లనే కూసుంటరు, ఏడుస్తరు, జర ఆగమంటరు. ఆగుతం. నాగర్‌కర్నూల్ల నేను చూసినోళ్లంత చేను అమ్మి కట్టుకున్నోళ్లే, మాకు పనే లేదు. ఈ కాలనీల తాళం కనవడ్డదంటే పారిపోయినట్టే. ఈ ఇంటికి ఎప్పుడొచ్చిన తాళమే. అందుకే లిస్టుల దీన్ని ముందు వెట్టిన."

ఇంట్లో మనిషి ఉంటే ఆగుతారట! మనిషి ఉండి కూడా లేనట్టు కూర్చున్నది తనే కదా! ఒక్కసారి పలికి ఉంటే పోయేది కాదా అని నుదురు కొట్టుకోబోయి, గాజులు లేని చేతిని మధ్యలోనే ఆపుకుంది.

తాళం పగలగొట్టి, సామాను వీడియో తీసి, మన తాళం వేసి సీలు పెడదాం అన్నాడు గణేష్. నలుగురు పరాయి మగాళ్లు ఇంట్లోకొస్తారు. నెత్తిన చున్నీ సర్దుకుంది. ఫోను తీసి అజీజ్‌కు చేసింది. మోటార్ల రొదలో వాడికి వినపడి చావదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

బయట మొదటి దెబ్బ పడింది. ఆ దెబ్బ తన వీపు మీద పడ్డట్టు ఉలిక్కిపడి, తలుపు దగ్గరికి పరుగెత్తి, మునివేళ్ల మీద లేచి పైగడియ వేసేసింది.

తాళం ఊడి మెట్ల మీద పడింది. తలుపు నెట్టారు. రాలేదు. మళ్లీ నెట్టారు.

"సార్, లోపల గడియ వేసున్నది," అన్నాడు గణేష్. గొంతులో ఇందాకటి నవ్వు లేదు.

బయట తాళం, లోపల గడియ! తర్వాత వకీలు గొంతు తగ్గించి కానిస్టేబుల్‌ను అడగడం ఆమెకు స్పష్టంగా వినిపించింది. "జర చూడన్నా, వాసన గిట్ల వస్తుందా?"

అల్లా, నన్ను శవాన్ని చేసేశారు అనుకుంది తాజ్‌బీ. తలుపు తన్నక తప్పదంటున్నాడు కానిస్టేబుల్. ఇక పలకాలి. పరాయి మగవాడికి వినపడేలా ఆమె ఏనాడూ గొంతెత్తలేదు.

"ఇంట్ల మనిషున్నది," అంది. గొంతు పీలగా వచ్చింది.

అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎవరమ్మా నువ్వు, బయట తాళమెవరు వేశారు, బయటికి రా అని వకీలు గదమాయించాడు. తలుపుకు వీపు ఆనించి, కళ్లు గట్టిగా మూసుకుని చెప్పింది.

"నేను రహమాన్ భార్యను. ఇద్దత్‌ల ఉన్న, గడప దాటి రాను. మీ తాళం మీరేసుకోండ్రి. లోపల నేనున్ననని గూడ రాసుకోండ్రి."

అంత మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. నిజంగానే వేసుకుపోతే?

ఇద్దత్ అంటే ఏమిటో కానిస్టేబులే వాళ్లకు విడమరిచి చెప్పాడు. గణేష్ గొణిగాడు, ఇంతదూరం వచ్చి ఉత్తచేతులతో పోవడమేంది అన్నాడు. వకీలు ఒప్పుకోలేదు. కోర్టు పంపింది నన్ను, లోపల మనిషిని పెట్టి సీలు వేస్తే రేపది నా మెడకే చుట్టుకుంటుందన్నాడు. ఇద్దత్ ఎప్పటిదాకా అని తలుపు అవతలినుంచే ఆమెను అడిగాడు. ఇంకా రెండు నెలల పైచిలుకు అంది.

"మంచిదమ్మా. అయ్యేదాక ఆగుతం. అయిన తెల్లారి వస్తం. అప్పుడు బయటికి రానీకె నీకేం అడ్డం ఉండదు గద?"

తాజ్‌బీ మౌనాన్ని సరేననే రాసుకుని వాళ్లు మెట్లు దిగారు.

సాయంత్రం సమీనా వచ్చి విరిగిన తాళం చూసి గొల్లుమంది. అజీజ్ గుమ్మంలోనే చతికిలబడి, నోటీసులు వస్తే నీకు చెప్పకుండా దాచిపెట్టాను అమ్మీ అని తల కొట్టుకున్నాడు. కోడలే ముందు తేరుకుంది. అత్త పక్కన కూర్చుని, మెల్లగా వీపు నిమిరింది.

"ఇంకెంత అమ్మీ, కండ్లు మూసి తెరిచేసరికి ఇద్దత్ అయిపోతది."

తాజ్‌బీ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "అయిపోతదనకు బిడ్డా."

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళయింది. చాప పరుచుకుని, నమాజు ముగించి చేతులు చాపింది. మొగుడు పోయిన దుఃఖం అప్పుడే తీరనీయకని అల్లాను అడిగింది.