నలభై ఎడమ చేతులు

ఇరవై పొరల గుడ్డను బల్ల మీద పరిచి అరచేత్తో ముడతలు తీస్తున్నాడు పరాకు మాస్టరు. ఇరవై ఆరేళ్లుగా ఆ కుట్టుకొట్లో కటింగ్ పని ఆయనదే. కుడి బొటనవేలి కణుపు కాయకట్టి రాయిలా ఉంటుంది. టేపు మెడలో వేసుకునే కొట్టంతా వెతుకుతాడు. ఆ పేరు ఊరికే రాలేదు.

ఇంకొక్క గుడ్డ పాడైతే ఇంటికేనని పోయిన నెలే ఓనరు తేల్చి చెప్పాడు. ఆ మాటతోనే చెల్లెలు ఆయన్ని డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లింది. మనసు ఒకచోట నిలవకపోవడం జబ్బేనన్నాడు డాక్టరు. అక్షరాలు తారుమారు కావడం, తెల్లారితే గుండె మీద బండ పెట్టినట్టుండటం దాని వెంట వచ్చినవేనట. ఒక్క జబ్బని వెళ్తే చుట్టాలతో సహా దిగింది.

ఐదో తరగతిలో బెత్తం విరిగింది కానీ అక్షరం తిన్నగా నిలబడలేదు. బడి అక్కడితో సరి.

"నలభై ఎనిమిదేళ్లు తిట్లు తిన్నాక డాక్టరు జబ్బు పేరు చెప్పాడమ్మా. ఆ తిట్లు ఎవరు వెనక్కి తీసుకుంటారు?" అన్నాడు చెల్లెలితో.

డాక్టరు రాసిచ్చిన కాగితం ఓనరుకు చూపించమని ఆమె పోరింది. మూడు వారాలుగా అది జేబులోనే నలుగుతోంది.

ఇవాళ ఆసుపత్రి సిబ్బందికి ఇరవై చొక్కాలు. చేతుల కోసం, చొక్కా చేతి ఆకారంలో కత్తిరించిన అట్టను గుడ్డ మీద ఒకసారి పెట్టి కోయాలి. తిరగేసి మళ్లీ కోయాలి. అప్పుడే ఎడమా కుడీ వస్తాయి. మొదటి కోత అయింది. పైన ఫ్యాను టకటకమంది. మర బిగిద్దామని స్టూలెక్కాడు. దిగుతుంటే, బొత్తాలు కుట్టే అక్క తన మిషను బెల్టు జారిందంది. అది ఎక్కించి వచ్చి, అట్టను అలాగే పెట్టి గీత గీశాడు. కోశాడు.

మధ్యాహ్నం మొదటి చొక్కాకు చేతులు అతకబోతే ఒకటి కుదిరింది, రెండోది కుదరలేదు. కట్ట విప్పి చూశారు. నలభైకి నలభై ఎడమవే.

ఓనరు అరవలేదు. "మాస్టరూ, ఆసుపత్రోళ్లకి కుడి చేతులుండవా?" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

మాస్టరు చెయ్యి జేబు దాకా వెళ్లింది. తీస్తే చదవమంటాడు. ఆ కాగితాన్ని తానే ఇంతవరకు కొసదాకా చదవలేకపోయాడు. చెయ్యి వెనక్కొచ్చింది.

"రేపట్నుంచి రాకండి."

"అలాగేనండి."

చెప్పులు వేసుకుంటుంటే అక్క దగ్గరికొచ్చింది. "ఏదో ఒకటి చెప్పకపోయావా తమ్ముడూ?"

"తెగిన గుడ్డకి మాటలు అతుకేస్తాయా అక్కా?"

మెట్లు దిగి వెళ్లిపోయాడు. చెప్పుల చప్పుడు వీధిలో కలిసిపోయాక ఆమె బల్ల సర్దసాగింది. తునకల కింద అట్ట దొరికింది. పొరపాటు రాకూడదని కాబోలు, దాని మీద నీలం ఇంకుతో ఒత్తి ఒత్తి రాసుకున్నాడు: "ఎమడ". ఆమె అట్టను తిప్పింది. రెండో వైపు "కు" ఒక్కటే ఉంది. పక్కన మరో అక్షరానికి సరిపడా ఖాళీ.