మేడమీద గది ఖాళీ లేదు

వచ్చేవాడు వస్తాడంట,
తెల్ల గుర్రమెక్కి వస్తాడంట,
ఊరి బయట దుమ్ము లేస్తే...

ఆ తర్వాతి ముక్క పెద్దమ్మకి ఎప్పుడూ గుర్తు రాదు. చిన్నప్పుడు ఆడపిల్లలంతా చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడేవాళ్ళు. సరిగ్గా దుమ్ము లేచే చోటికి వచ్చేసరికి ఎవరో ఒకరి అమ్మ గుమ్మంలోంచి కేకేసేది, నీళ్ళు తేవాలనో, చంటాణ్ణి ఎత్తుకోవాలనో. ఆట చెదిరిపోయేది. గుర్రం మీదవాడు ఆ దుమ్ములోనే ఉండిపోయాడు. పెద్దమ్మ జుట్టంతా నెరిసింది గానీ వాడింకా ఊళ్ళోకి రాలేదు.

ఆ పొద్దున కూడా అదే కూనిరాగం తీస్తూ మేడమీద గదిలో దుప్పటి దులుపుతోంది. కిటికీలోంచి చూస్తే ఫుట్‌బాల్ మైదానం లైటు స్తంభాలు కనిపిస్తాయి. ఆ క్లబ్బుకి మేనేజరుగా ఎవరొచ్చినా దిగేది ఆ గదిలోనే. ఆమె భర్త ఉన్నప్పటినుంచీ అంతే. ఒక ఇనప మంచం, గోడకి అద్దం, మూలన రేకుపెట్టె. వీధంతా ఆమెని పెద్దమ్మ అంటుంది కాబట్టి వచ్చినవాళ్ళూ పెద్దమ్మా అనే పిలిచేవాళ్ళు. పోయేదాకా.

పోవడమంటే చచ్చిపోవడం కాదు. ఆ క్లబ్బు మేనేజర్లు కొంచెం కొంచెంగా కనిపించకుండా పోతారు. వానలప్పుడు గోడలు చెమ్మగిల్లినట్టు, అక్కడ అది మామూలే. ఓడినందుకు కాదు. ఓడిన మర్నాడు వీధి చివర సెలూన్‌లో “తర్వాత ఎవరు?” అన్న మాట మొదలవుతుంది కదా, అందుకు. అక్కడ ఎవరో ఒక కొత్త పేరు ఎత్తితే ఇక్కడ ఇతని చిటికెనవేలు పోతుంది. ఇంకో పేరు ఎత్తితే నీడ పోతుంది. తర్వాత మడమలు, మోచేతులు. చివరికి ఒకరోజు మంచం మీద మనిషి పడుకున్న గుంట ఉంటుంది, మనిషి ఉండడు. పెద్దమ్మ దుప్పటి ఉతికి, మిగిలిపోయిన చొక్కా మడతపెట్టి రేకుపెట్టెలో దాచి, చీకటి పడ్డాక వీధి తలుపుకి గడియ పెట్టుకునేది. ఆ తర్వాత క్లబ్బువాళ్ళు ఇంకొకణ్ణి పంపేవాళ్ళు.

వాళ్ళు ఆఖరున అన్న మాటలు మాత్రం ఆమె దగ్గర ఉండిపోయాయి. ఒకాయన “దిండు గట్టిగా ఉంది పెద్దమ్మా” అన్నాడు. ఇంకొకాయన “వేడినీళ్ళున్నాయా?” అన్నాడు. ఆమె కాచి తెచ్చేసరికి కొక్కేనికి తువ్వాలు ఒక్కటే వేలాడుతోంది. గొప్ప మాటలేం కావు. అయినా నీళ్ళు కాగే చప్పుడు వినిపిస్తే చాలు, ఆయన గుర్తొస్తాడు.

ఇప్పుడున్నవాడికి ఎడంచెయ్యి మణికట్టుదాకా పోయింది. నీడ ఎప్పుడో పోయింది. వంటింట్లో కూర్చుని తింటుంటే పట్టుకునే రెండో చెయ్యి లేక కంచం అటూ ఇటూ జారుతుంటుంది. చొక్కా చేతుల గుండీలు పెద్దమ్మే పెడుతోంది.

“పెద్దమ్మా, మేడమీద పెట్టెలో చొక్కాలు ఎవరివి?”

“నీ ముందువాళ్ళవి బాబూ.”

“వాళ్ళలో ఒక్కడూ గొడవ చెయ్యలేదా?”

“ఎవరితో?”

“ఎవరితోనైనా!”

పెద్దమ్మ ఆలోచించింది. “అందరూ నెమ్మదస్థులే బాబూ. తిన్న కంచం కూడా వాళ్ళే కడిగి పెట్టేవాళ్ళు.”

“నేను కడగను,” అన్నాడతను. “నేనంత నెమ్మదస్థుణ్ణి కాను.”

నిజంగానే కడగలేదు. కంచం ఆమె తీసుకుని తొట్టి దగ్గర నిలబడింది. పక్కన రేడియోలో నిన్నటి ఆట గురించి ఏదో చెబుతున్నారు. చేతులు గిన్నెల మీదున్నా మనసు ఆట మీదికి పోయింది. ఎంతైనా ఆమె కూడా ఆ క్లబ్బు మనిషే. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకుంది, అదీ పాత పేపర్లలో ఆటల పేజీ చూసి. మొదట కూడబలుక్కుని చదివిన మాటే “తర్వాత ఎవరు?”. ఆ పేజీలో అది ఎన్నిసార్లు వస్తుందంటే, ఆమెకి ఇట్టే వచ్చేసింది.

“రేవు జట్టుని నడిపే ఆ పొడుగాయనైతే మన డిఫెన్స్‌ని గాడిలో పెడతాడేమో,” అంది, గిన్నె తోముతూ, తనలో తనే.

వెనక్కి తిరిగేసరికి అతని ఎడంచెవి లేదు. దీపం ఆర్పినట్టు పోయింది. అతను గమనించలేదు. తల అటూ ఇటూ ఊపి, “రేడియో ఉన్నట్టుండి తగ్గిందేం పెద్దమ్మా?” అన్నాడు.

సబ్బునురగలో ఆమె చేతులు ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ అది సెలూన్‌లో జరిగే పని అనుకుంది. తన నోటికీ దానికీ సంబంధం ఉంటుందని ఎన్నడూ తట్టలేదు. మేడమీద పెట్టె నిండా చొక్కాలు. ఇంకొకటి పట్టదు. పట్టనివ్వను, అనుకుంది. చేతిలో గిన్నెలు తుడిచే తడిగుడ్డ ఉండగానే చెప్పులు తొడుక్కుని బయల్దేరింది.

సెలూన్ ఆమె మరిదిది. అక్కడో అలవాటుంది. గడ్డం గీసే నురగతో, రాబోయే మేనేజర్ల పేర్లు అద్దం మీద రాస్తారు. కుర్చీలో కూర్చున్నవాడికి తన ముఖం ఆ పేర్ల సందుల్లోంచే కనిపిస్తుంది. ఆ రోజు కుర్చీలో బస్సు డ్రైవరున్నాడు, ఒక చెంప నున్నగా, రెండో చెంప నురగతో. బెంచీ మీద కళ్ళజోళ్ళ దుకాణం ఆయన పేపరు పట్టుకుని పేర్లు అందిస్తున్నాడు.

పెద్దమ్మ తిన్నగా వెళ్ళి అద్దం మొత్తం తుడిచేసింది.

“అయ్యో వదినా!” మరిది గుండెలు బాదుకున్నాడు. “పొద్దుట్నుంచీ తగువులాడి వరస తేల్చాం! అంతా తుడిచిపారేశావే!”

“లే,” అంది డ్రైవరుతో.

“పెద్దమ్మా, సగమే గీశాడు...”

“మిగతా సగం ఎక్కడికీ పోదులే. పోయేవాడి సంగతి చూడనీ ముందు.”

డ్రైవరు లేచాడు. ఆమె కుర్చీలో కూర్చుంది. కాళ్ళు నేలకి అందలేదు. అయినా మహారాణిలా కూర్చుంది.

“ఈ షాపులో ఇకమీదట వచ్చేవాడి పేరు ఎవరైనా ఎత్తారో, నేను ఈ కుర్చీలోంచి లేవను. మీ గడ్డాలు మోకాళ్ళదాకా పెరగనివ్వండి. మాట్లాడితే ఉన్నవాడి గురించి మాట్లాడండి.”

“ఉన్నవాడి గురించి మాట్లాడ్డానికేముంది పెద్దమ్మా?” అన్నాడు కళ్ళజోళ్ళాయన. “తిట్టడం తప్ప.”

“అయితే తిట్టండి.”

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఆలోచిస్తే వాళ్ళు ఏ మేనేజర్నీ సరిగ్గా తిట్టిన పాపాన పోలేదు. రెండు ఆటలు ఓడగానే అతన్ని వదిలేసి రాబోయేవాడి మీద పడేవాళ్ళు.

“తిట్టడమంటే... గట్టిగానా?” డ్రైవరు అడిగాడు.

“నోరారా.”

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. “ఎడంకాలివాణ్ణి తీసుకెళ్ళి ఎవడైనా కుడివైపు ఆడిస్తాడా? నా బస్సుకి స్టీరింగు వెనకసీట్లో పెట్టినట్టుంది!”

“కార్నర్ పడితే చాలు, మనవాళ్ళంతా ఒకేచోట గుమిగూడతారు,” కళ్ళజోళ్ళాయన అందుకున్నాడు. “నా దుకాణంలో అద్దాలు ఊరికే పంచుతున్నట్టు!”

“వాన కురుస్తుంటే పొట్టి పాసులేంటయ్యా?” మరిది దువ్వెన గాల్లో ఊపాడు. “బంతి బురదలో బాతులా కూర్చుంది! లేవమంటే లేస్తుందా?”

మొదలెట్టడమే కష్టం. మొదలయ్యాక ఆపేవాడు లేడు. అతని టోపీని తిట్టారు. ఈల వేసే తీరుని తిట్టారు. ఆట నడుస్తుంటే గోళ్ళు కొరుక్కోవడాన్ని తిట్టారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి గుమ్మంలోంచి తలా ఒక తిట్టు వేసి పోయారు.

“ఎడంకాలివాణ్ణి కుడివైపు ఎందుకు పెట్టానో తెలుసా మీకు?”

అందరూ తిరిగి చూశారు. గుమ్మంలో మేనేజరు. పెద్దమ్మ ఇంతసేపు ఎటుపోయిందో చూద్దామని వచ్చినట్టున్నాడు. ఎడంచేతి చొక్కా చివర ఖాళీగా ఊగుతోంది. వేళ్ళు పోయిన మేనేజరు పగటిపూట వీధిలోకి రావడం అదే మొదలు.

“వాడు లోపలికి తిరిగి ఎడంకాలితో కొడతాడని! కొట్టాడు కూడా! వాళ్ళ కీపరు అదృష్టవంతుడు.”

“అదృష్టమా?” డ్రైవరు అతని మీదికి వెళ్ళాడు. “మీవాడు కొట్టింది లైటు స్తంభాన్నండీ! ఇంకా ఊగుతోంది, వెళ్ళి చూడండి!”

“నువ్వు ఆడితే స్తంభం కూడా తగలదు!” అంటూ మేనేజరు ఎడంచేత్తో డ్రైవరు రొమ్ము మీద పొడిచాడు.

పొడిచింది చూపుడువేలు. అందరూ చూశారు. కళ్ళజోళ్ళాయన అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మరిది మాత్రం డ్రైవరు చెవిలో, “ఆపకు, ఇంకో రెండు తగిలించు,” అన్నాడు.

సాయంత్రం ఎండ గుమ్మంలోంచి పడేసరికి మేనేజరు నీడ సెలూన్ నేల మీద, కత్తిరించిన జుట్టు మధ్య, బారుగా పడుంది. గొంతులన్నీ బొంగురుపోయాయి. డ్రైవరు సగం గడ్డంతోనే డ్యూటీకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున వీధి చివర దుమ్ము లేచింది. బస్సు వెళ్ళిపోయాక ఆ దుమ్ములోంచి ఒకాయన నడిచొచ్చాడు. తెల్ల బూట్లు, చేతిలో సూట్‌కేసు, చక్కటి మొహం. పెద్దమ్మ వాకిలి ఊడుస్తూ అలా చూస్తూ ఉండిపోయింది.

“నన్ను ఛైర్మన్‌గారు పంపారమ్మా. కొత్త మేనేజర్ని. మేడమీద గది...”

“గది ఖాళీ లేదు బాబూ.”

“ఈపాటికి ఖాళీ అయి ఉంటుందన్నారే.”

అప్పుడే మేడమీదనుంచి ఎవరో వీధి అదిరేలా పుక్కిలించిన చప్పుడు వచ్చింది.

“అదిగో, విన్నావుగా,” అంది పెద్దమ్మ.

ఆయన సూట్‌కేసు ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకున్నాడు. పిడి మీద నాలుగు వేళ్ళే ఉన్నాయి.

“అప్పుడేనా నాయనా?”

ఆయన సిగ్గుపడ్డాడు. “పొద్దున నేను సంతకం పెడుతుంటే ఛైర్మన్‌గారు గుమాస్తాని అడిగారు, ఇతనూ కుదరకపోతే తర్వాత ఎవరున్నారని. కలం జారిపోయింది. చూసుకుంటే వేలు లేదు.”

పెద్దమ్మ ఆయన్ని లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. మేడెక్కి రేకుపెట్టె తానే దించుకొచ్చి ఆయన ముందు మూత తీసింది. ఆయన ఒక్కొక్క చొక్కా తీసి, కాలరు తడిమి, మళ్ళీ మడతపెట్టాడు. ఒకటి మాత్రం రొమ్ముకి ఆనించి చూసుకున్నాడు. “ఇది సరిగ్గా నా కొలతే,” అన్నాడు మెల్లగా.

ఆయన తిరుగు బస్సెక్కాడు. ఊరి పొలిమేర దాటేసరికి రెండు చేతులా కమ్మీ పట్టుకుని, పది వేళ్ళూ చూసుకుంటూ నవ్వుకున్నాడని తర్వాత డ్రైవరు చెప్పాడు.

పెద్దమ్మ మళ్ళీ చీపురందుకుంది. బస్సు వెనక దుమ్మింకా అణగలేదు. “ఊరి బయట దుమ్ము లేస్తే...” అని ఆగి, కాసేపు చూసి, “లేవనీ!” అంది. పాటకి ఆ ముక్క సరిగ్గా అతికింది.

ఛైర్మన్ మండిపడ్డాడు. గుమాస్తాతో కబురు పెట్టాడు: ఆదివారం ఆట ఓడితే ఇతన్ని తీసెయ్యడం ఖాయం, ఇకమీదట మేనేజర్లెవరినీ మీ ఇంటికి పంపం.

“పంపొద్దని చెప్పు,” అంది పెద్దమ్మ. “ఉన్నవాడు చాలు మాకు. తీసేస్తానంటున్నాడుగా, కనిపించే మనిషిని ఎలా తీస్తాడో నేనూ చూస్తాను.”

ఆదివారం వచ్చింది. మేనేజరు బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. చేతులున్నాయి, మడమలున్నాయి, నీడ మెట్ల మీద మడతలు పడుంది. ఎడంచెవి మాత్రం లేదు. వారమంతా ఎవరెంత తిట్టినా అది రాలేదు. ఎందుకు రాలేదో పెద్దమ్మకి తెలుసు. అది పోయింది తన నోటివల్ల. తన నోటితోనే రావాలి. కానీ ఇంటికొచ్చినవాణ్ణి ఆమె ఎన్నడూ ఒక్క మాట అని ఎరగదు. నోరు తెరిచింది, మూసింది.

“వస్తాను పెద్దమ్మా.”

“ఆగు,” అంది. కొంగు నడుముకి బిగించింది. “నీకు... నీకు బుద్ధుందా? తడి తువ్వాలు తీసుకెళ్ళి మంచం మీద పడేస్తావా? కొక్కెం గోడకి అలంకారానికి కొట్టించాననుకున్నావా?”

అతను నోరు తెరుచుకుని చూశాడు.

“పుక్కిలిస్తే నాలుగిళ్ళు లేస్తున్నాయి! తిన్న కంచం కడిగావా ఒక్కనాడైనా? బురద బూట్లతో మేడెక్కుతావు, నేను కాబట్టి సరిపోయింది! ఇంకొకరైతే నీ సామాను వీధిలో పెట్టేవాళ్ళు! వాన పడితే పొట్టి పాసులేంటి, పొట్టి పాసులు? బంతి పైకి లేపి కొట్టమని ఇన్నేళ్ళుగా చూస్తున్న నాకే తెలుసే, నీకు తెలీదా?”

ఊపిరాడక ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోంచే చూసింది. ముందు చెవి తమ్మె వచ్చింది, పసిపిల్లల చెవిలా ఎర్రగా. తర్వాత మిగతాది.

అతను చెవి తడుముకున్నాడు. మైదానం వైపునుంచి అప్పుడే మొదలైన జనం హోరు రెండు చెవులా విన్నాడు. టోపీ సర్దుకుని, మెట్లు దిగి, వీధిలోంచి వెనక్కి తిరిగి, అందరికీ వినపడేలా అరిచాడు:

“తలుపుకి గడియ పెట్టకండి పెద్దమ్మా! ఓడితే తిట్టించుకోడానికైనా ఇంటికే వస్తాను!”