పగడానికి వేసిన అతుకు

నేను వేసిన అతుకు ఊడదని మా కార్మికుల బస్తీ ఖుర్సీపార్‌లో పేరు. ఉక్కు ప్లాంటులో ఇరవై రెండేళ్లు వెల్డర్ని. విరిగిన కుర్చీ నుంచి చిల్లుపడ్డ డ్రమ్ము దాకా అందరూ నా దగ్గరికే తెచ్చేవారు. ఆ పేరంటే నాకు వెర్రి. జరిగిందంతా ఆ వెర్రి వల్లే.

తొంభై ఆరులో, ప్లాంటు క్వార్టర్లుండే సెక్టారు నుంచి కనకలత టీచరు కబురు పెట్టింది. ఆవిడ తమ్ముడు విశాఖలో సముద్రపు జీవుల మీద చదువుతున్నాడు. అక్క ఇంట్లో ఉప్పునీళ్ల అద్దాల తొట్టి పెట్టించాడు. ఆసారి బతికున్న పగడం ముక్క ఒకటి నీళ్ల క్యానులో వేసి రైల్లో తెచ్చిచ్చి వెళ్లాడు. మోటారు తోసే నీటికి అది పడిపోతోంది, తొట్టిలోని రాయికి అతికించాలి.

"చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ త్రినాథరావు గారూ, అది ప్రాణమున్నది. జాగ్రత్త," అంది టీచరు.

"మాది సముద్రపొడ్డు ఊరండీ. నాకు తెలీదా?" అన్నాను. మా ఊళ్లో నేను చూసినవి ఎండిన గవ్వలే.

ఆవిడ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. ఆ ఇంట్లో పనిచేసే గున్నమ్మ పిన్ని గది తుడుస్తోంది. మా వీధి మనిషే. నేను రెండు ముద్దలు కలిపి పిసికే పుట్టీ తీశాను. తొట్టిలోంచి పగడాన్ని బయటికి తీస్తే ఒళ్లంతా జిగురు. జిడ్డున్న చోట అతుకు నిలవదని ప్లాంటులో మొదటిరోజే నేర్పుతారు. అడుగున కాస్త గీకితే సరిపోయేది. నా చెయ్యి ఊరుకుంటేనా! ఇనప తీగల బ్రష్షుతో పైదాకా తోమేసి, టేబుల్ ఫ్యాను ముందు ఆరబెట్టి, అప్పుడు రాయికి నొక్కాను. కదిపి చూస్తే కదల్లేదు. నన్ను నేనే మెచ్చుకున్నాను.

వారానికి పగడం తెల్లబడిపోయింది. నీళ్లు కంపు కొట్టాయి, రెండు చేపలు చచ్చాయి. టీచరు పిలిస్తే వెళ్లాను. పగడం మీద బ్రష్షు గీతలు కనబడుతున్నాయి. జిగురని నేను తోమేసింది దాని ప్రాణమున్న పొరనేనని, చంపింది నేనేనని తెలిసిపోయింది.

"అతుకు గట్టిగానే ఉందండీ. ఎవరన్నా సబ్బు చేతులు పెట్టారేమో," అన్నాను.

టీచరు గున్నమ్మ పిన్ని వైపు చూసింది. పిన్ని నా వైపు చూసి, తుడుపుగుడ్డ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఆమెను పనిలోకి రావద్దన్నారు.

మా వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లకి ఇక అదే వేళాకోళం. "గున్నమ్మ సబ్బెట్టి సముద్రాన్ని కడిగీసింది," అని నవ్వుకునేవారు. ఆ నవ్వు ఇంట్లో కూర్చున్నా వినబడేది. అన్నం సయించేది కాదు. సిగ్గుతో చచ్చిపోయాను. పదిరోజులకి టీచరు దగ్గరికెళ్లి ఉన్నదంతా చెప్పేశాను. "గున్నమ్మను రమ్మనండి," అంది ఆవిడ.

ఆ మాట పట్టుకుని వెళ్లేసరికి పిన్ని గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"నువ్వు తోముతుంటే నాను సూసినాను," అంది.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

"నువ్వే సెప్తావనుకున్నాను. మనోడివి కదా."

టీచరు రమ్మంటోందని నేల చూస్తూ చెప్పాను.

"ఆవిడకి సెప్తే నాకేటి? కుళాయి కాడ సెప్పు."

మర్నాడు పొద్దున్నే బకెట్టు పట్టుకుని ఆడవాళ్ల మధ్య, పిన్ని వెనకాల నిలబడ్డాను. బ్రష్షు సంగతి, ఫ్యాను సంగతి, సబ్బని నేనాడిన అబద్ధం, అన్నీ చెప్పాను.

"నలుగురిలో తప్పు ఒప్పుకోడానికి ఎంత గుండె ఉండాల," అంది అప్పయమ్మ. "త్రినాథరావు లాటి మనిసి ఈ కాలంలో ఎక్కడున్నాడు."

అందరూ అవునవునన్నారు. పిన్నితో మాత్రం ఎవరూ ఒక్క మాటా అనలేదు. కుళాయి కిందున్న పిన్ని బిందె పక్కకి జరిపి, "డ్యూటీకెళ్లాలి కదా, పట్టుకో భయ్యా," అని నా బకెట్టు పెట్టారు. వద్దని నేను అనలేదు.