అయిదో పశువు

బుక్‌తర్మా నది గడ్డకట్టడానికి వారం ముందు, దామెత్కెన్ తన ముప్ఫై ఎనిమిది తేనెపెట్టెలను కొండవాలులో తవ్విన మాళిగలోకి దించుతుంది. ఆ ఘట్టానికి మా ఊళ్ళో బాజాలు మోగవు గానీ, మోగదగినదే. ముప్ఫై ఎనిమిది మంది మహారాణులు, ఒక్కొక్కరు పదివేల పైచిలుకు పరిచారికలతో, అయిదు నెలల అజ్ఞాతవాసానికి తరలివెళ్ళే ఊరేగింపు అది. పెట్టె మోసేవాళ్ళకు ఆనాడు తుమ్మే హక్కు కూడా ఉండదు.

ఆపైన పదిరోజులకొకసారి ఆమె ఎర్రదీపం పట్టుకుని దిగుతుంది. రబ్బరు గొట్టం ఒక కొస పెట్టె వాకిట్లో, మరో కొస తన చెవిలో పెట్టుకుంటుంది. ఎడతెగని సన్నని రొద వినిపిస్తే క్షేమం. ఎండుటాకుల గలగల అయితే ఆకలి. మూలుగు అయితే రాణి గతించింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ చెవి ఒక్కసారీ పొరబడలేదు.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఆమె పిత్తాశయంలో రాళ్ళు తిరుగుబాటు చేశాయి. మూడు వారాలు పట్నంలో ఆస్పత్రి తప్పలేదు. మాళిగ తాళంచెవి మరిది సెయిల్‌ఖాన్ చేతికి వచ్చింది.

"నలభై ఏళ్ళు గొర్రెల్ని కాసినవాణ్ణి వదినా. ఈగల్ని కాయలేనా?"

"కాయొద్దు మరిదీ, నేను చెప్పేది అదే. తలుపు తియ్యి, చూడు, తాళం వెయ్యి, ఇంటికెళ్ళి టీ తాగు. ఇంకేమీ చెయ్యకు."

ఏమీ చేయకుండా ఉండటం అనే విద్య మా కాపరులకు ఎవరూ నేర్పలేదు. ఆమె వెళ్ళిన నాలుగో రోజున చలి సున్నాకు నలభై మూడు డిగ్రీలు కిందికి పోయింది. మాళిగ కప్పులో గాలి ఆడేందుకు రెండు గొట్టాలున్నాయి. వాటిలోంచి చలి కత్తిలా దిగడం సెయిల్‌ఖాన్ చూశాడు. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలను ఉన్ని కంబళిలో చుట్టి, పొయ్యి పక్కన పెట్టి, వందలకొద్దీ బతికించిన చేతులవి. తన కంబళిని రెండు ముక్కలు చేసి రెండు గొట్టాల్లోనూ కూరాడు. ఆ తర్వాత, లోకరక్షణ పూర్తిచేసినవాడిలా, హాయిగా నిద్రపోయాడు.

మార్చిలో దామెత్కెన్ తిరిగివచ్చి తలుపు తీయగానే బూజు వాసన ఎదురొచ్చింది. దూలాల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె రబ్బరు గొట్టం తీసుకుని ముప్ఫై ఎనిమిది పెట్టెలనూ విన్నది. సెయిల్‌ఖాన్ టోపీ చేతపట్టుకుని గడపలోనే నిలబడ్డాడు.

"తొమ్మిదే మిగిలాయి," అందామె.

"చలికే పోయాయా వదినా?"

"చలి వాటినేం చెయ్యదు. ముద్దగా హత్తుకుని కాచుకుంటాయి. ఊపిరి బయటికి పోయే దారి లేదు. సొంత ఊపిరే నీళ్ళయి మీద పడింది."

గొట్టాల్లోంచి కంబళి ముక్కలు లాగి, వాటిని చూసి, మడిచి ఆప్రాన్ జేబులో పెట్టుకుంది. ఒక్క మాట తిట్టలేదు. తిడితే సెయిల్‌ఖాన్ బతికిపోయేవాడు.

ఇరవై తొమ్మిది పెట్టెలు ఖాళీ చేసి, కాళ్ళకింద కరకరలాడే చచ్చిన ఈగలను సెయిల్‌ఖాన్ చేత చేటలతో ఎత్తిపోయించి, బూజు పట్టిన తేనెపట్ల మైనం కరిగించి, పెట్టెల లోపలి చెక్కను మంటతో కాల్చి శుద్ధి చేసింది. ఏడవడం ఆ పనులన్నీ అయ్యాక అనుకుందో ఏమో, అవి అయ్యేసరికి ఏడుపుకు గడువు దాటిపోయింది. మిగిలిన తొమ్మిదింట్లోనూ రాణులైతే ఉన్నారు గానీ, జనం పిడికెడేసి. ఏప్రిల్ రాత్రుల్లో అంత కొద్దిమంది కలిసి గూట్లోని పిల్లపురుగులను వెచ్చగా ఉంచలేరు. ఏటిగట్టు విల్లో చెట్లు పూసేదాకా ఈ తొమ్మిది నిలబడకపోతే, తల్లి నుంచి ఆమెకు వచ్చిన ఆ రాణుల వంశమూ, ఆమె వృత్తీ ఒకేసారి ముగుస్తాయి.

సెయిల్‌ఖాన్ తిన్నగా తోకెన్ తాత ఇంటికి వెళ్ళాడు. ఎనభై ఆరేళ్ళ తోకెన్ మాటే మా ఊరికి శాసనం. చలికాలం మందను మింగేస్తే, ఊరు ఇంటికొక పశువు ఇచ్చి బాధితుణ్ణి నిలబెట్టడం మా తాతల నాటి ఆచారం. దాన్ని వదినకు వర్తింపజేయాలని అతని విన్నపం. అప్పటికప్పుడు టీ గిన్నెల మధ్య మహాసభ కొలువుదీరింది.

"పశువులు నాలుగన్నారు పెద్దలు. గుర్రం, ఒంటె, ఆవు, గొర్రె. మేకని గొర్రె పక్కన దూర్చాం, సరే. ఈగని ఎక్కడ దూర్చమంటావురా?" అన్నాడు తోకెన్.

"పాలిస్తుందా? ఉన్నిస్తుందా?" అని అందుకున్నాడు ఖైర్దిన్. ఊళ్ళో అందరికంటే ఎక్కువగా అరవై పెట్టెలున్న మనిషి, ధర్మసూక్ష్మం మీద అంత ఆసక్తి చూపడం సహజమే.

"నీ టీలో కలుపుకున్నదేంటి బావా, గుర్రం ఇచ్చిందా?" అన్నాడు సెయిల్‌ఖాన్.

"ఎకసెక్కాలొద్దు! అయినా వాటిని చంపింది చలికాలమా? నువ్వు కదూ!"

"తోడేలు పడ్డ మందకీ ఇస్తాం," అన్నాడు తోకెన్. "సెయిల్‌ఖాన్ పడ్డ మందకీ ఇస్తాం. నాకొక్కటి చెప్పండి. అవి చస్తే దామెత్కెన్ పొయ్యి ఆరిపోతుందా?"

"ఆరిపోతుంది," అన్నారు అందరూ. ఖైర్దిన్ కాస్త ఆలస్యంగా అన్నాడు.

"అయితే పశువే. టీ పొయ్యండి."

వేల ఏళ్ళ పశుశాస్త్రం ఆ విధంగా సవరణకు గురైంది.

ఏప్రిల్ నడుమ, పెట్టెలు బయటికి తెచ్చే ముందురోజు, ఊళ్ళో ఈగల్ని పెంచే ఎనిమిది మందీ ఎనిమిది పెట్టెలు పంపారు. బతికున్నది ఇవ్వాలంటుంది ఆచారం. ఎలాంటిది ఇవ్వాలో చెప్పదు. సెయిల్‌ఖాన్ గొట్టం పెట్టి ఒక్కొక్కటే విన్నాడు. ఎనిమిదింట్లోనూ మూలుగే.

"వదినా, ఒక్కదానికీ రాణి లేదు! పారేసేవి మన మొహాన కొట్టారు! ఆ ఖైర్దిన్ గడ్డం పట్టుకుని..."

దామెత్కెన్ నవ్వింది. మార్చి తర్వాత అదే మొదటి నవ్వు. "నా రాణులకి జనం లేరు. వాళ్ళ జనానికి రాణి లేదు. గడ్డం వదిలేసి పాత పేపర్లు పట్రా."

విడ్డూరం చూడవచ్చిన ఖైర్దిన్ మొహం కందగడ్డ అయింది. "ఇవే నీకు కావాలని ముందే చెప్పుంటే, వీటిని ఉంచుకుని మంచివే ఇచ్చేవాణ్ణిగా!"

"అందుకే చెప్పలేదు అన్నా."

మర్నాడు ఎండ కాసింది. పదిహేడు పెట్టెలూ వరసగా బయటికొచ్చాయి. తీర్పరి హోదాలో తోకెన్ తాత ముందు వరసలో కుర్చీ వేయించుకుని, మనవడు తెచ్చిన కొత్త తెల్ల ఉన్ని టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. తేనెటీగ తన ఇంటిని మురికి చేయదు. అయిదు నెలలు ఆపుకుని, తొలి ఎండలో ఆకాశంలోకి ఎగిరి భారం దించుకుంటుంది. అవి ఎగిరాయి, దించుకున్నాయి. మంచు మీద పసుపు చుక్కలు, తాత టోపీ మీద పసుపు చుక్కలు.

"అయిదు నెలలా!" అన్నాడు తోకెన్, టోపీ తీసి భక్తిగా చూసుకుంటూ. "పెళ్ళి విందులో ఒక్క ప్రసంగం అయ్యేదాకా ఆపుకోలేను నేను." ఆ టోపీని ఇప్పటికీ ఉతకనివ్వలేదు. పశువుల తరఫున వచ్చిన అభినందన పత్రంగా దాచుకున్నాడు.

సాయంత్రం దామెత్కెన్ తన పెట్టె మీద జిల్లా పత్రిక ఒక పేజీ పరిచి, దానిపైన రాణి లేని పెట్టెను ఎక్కించింది. కాగితం కొరికి దారి చేసుకునేసరికి రెండు వాసనలూ కలిసి ఒకటవుతాయి, యుద్ధం ఉండదు. అలా ఎనిమిది సంధులు కుదిరాయి. మూడు రోజుల్లో ఈగలు సంపాదకీయాన్ని ఆసాంతం నమిలేసి, పొట్టును వాకిట్లో పారబోశాయి. మా జిల్లాలో ఆ సంపాదకీయాన్ని అంత పట్టుదలగా పూర్తిచేసినవారు వేరే లేరు.

తొమ్మిదోదానికి జత దొరకలేదు. అయిదో రోజు దామెత్కెన్ దాని మూత తీసింది. గుప్పెడు ఈగలు, నడుమ రాణి, అన్నీ కదలకుండా ఉన్నాయి. కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ఎనిమిది," అంది.

మే తొలివారంలో విల్లోలు పూశాయి. ఎనిమిది పెట్టెల వాకిళ్ళలోనూ కాళ్ళ నిండా పుప్పొడితో రాకపోకలు మొదలయ్యాయి. వేసవి బాగుంటే ఒక్కోదాన్నీ రెండు చేయవచ్చు. ఆ మధ్యాహ్నం ఆమె సెయిల్‌ఖాన్‌ను టీకి పిలిచి, మెట్టు మీద ఆ రెండు కంబళి ముక్కలూ పరిచింది.

"కూర్చో."

"ఇవెందుకు వదినా?"

"నీ కింద ఉన్నంతసేపు గొట్టాల్లో ఉండవు." టీ గిన్నె పక్కన మాళిగ తాళంచెవి పెట్టింది. "డాక్టరు వచ్చే ఫిబ్రవరిలో మళ్ళీ రమ్మన్నాడు."

సెయిల్‌ఖాన్ దాన్ని ముట్టుకోలేదు. "నాకా? ఊళ్ళో ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు. కాళ్ళకింద ఇరవై తొమ్మిది పెట్టెల ఈగలు కరకరలాడటం వినలేదు వాళ్ళు. నువ్వు విన్నావు."

అతను తాళంచెవి తీసుకుని, చొక్కా లోపలి జేబులో వేసుకుని, గుండీ పెట్టుకున్నాడు.

"అయితే ఏం చెయ్యమంటావు వదినా?"

"ఏమీ చెయ్యకు."

"ఏమీ చెయ్యను," అన్నాడు సెయిల్‌ఖాన్, పట్టాభిషేకానికి కూర్చున్నవాడిలా నడుం నిటారుగా నిలిపి, కంబళి మీద నుంచి అంగుళం కూడా కదలకుండా.