బ్రేకు రోజు వాన

ఖానాపూర్ దగ్గర యూనివర్సిటీ వ్యవసాయ ఫారంలో నేను గుమాస్తాను. మూడు నెలలకొకసారి రోజుకూలీ మొగిలిని ఉద్యోగంలోంచి తీసేయడం నా పని. ఒకరోజు ఆగి మళ్ళీ చేర్చుకోవడం కూడా నా పనే.

యూనివర్సిటీ నియమాలు అట్లా ఉండేవి. రోజుకూలీ మనిషి మూడేళ్ళు ఎడతెగకుండా పనిచేస్తే పర్మనెంటు చేయాలని ఒక నియమం. రోజుకూలీ మనిషిని మూడు నెలలకు మించి ఎడతెగకుండా పనిలో ఉంచరాదని ఇంకో నియమం. రెండూ ఒక్క బుర్రలోనే పుట్టి ఉంటాయని నా అనుమానం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ పూజారి ఉద్యోగం నాకిచ్చారు. గడువు దగ్గరపడగానే "రేపు నీకు బ్రేకు" అని కాగితం రాసి మొగిలి చేతిలో పెట్టేవాణ్ణి. ఆ ఒక్కరోజు అతను మాకు ఏమీ కాడు.

మొగిలి పని వాన కొలవడం. పొద్దున ఎనిమిదిన్నరకు డబ్బాలో పడ్డ నీళ్ళను గీతలున్న గాజు గొట్టంలో పోసి, ఎంత పడిందో రిజిస్టరులో ఎక్కించి సంతకం పెట్టాలి. అంకెలూ సంతకమూ ఈ పని కోసమే నేర్చుకున్నాడు. బ్రేకు రోజున ఆ పని సూపరింటెండెంటు గారు చేయాలి. ఆయన తొమ్మిదికి ముందు మంచం దిగిన దాఖలా లేదు. అందుకని బ్రేకు రోజున కూడా మొగిలే వచ్చేవాడు, కూలి లేకుండా.

"ఇయ్యాల నీకు పని లేదు గద మొగిలీ" అన్నాను ఒకసారి.

"నాకు లేదు సార్. వానకున్నది గద. దానికెవలు బ్రేకు రాసిస్తరు?"

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే మళ్ళీ మూడు నెలలకు ఇంకో కాగితం రాశాను.

అరవై ఏడులో హైదరాబాదు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు, పర్మనెంటు చేయదగిన వాళ్ళ పేర్లు ఏరడానికి. మొగిలికి అదే ఆఖరి అవకాశం. మరుసటి ఏటికి వయసు దాటిపోతుంది. మా సూపరింటెండెంటు గారిది కోస్తా. చెడ్డవాడు కాదు గాని, రూలంటే భక్తి ఎక్కువ. మా వాన అంకెలతోనే జొన్న పంట మీద ఒక వ్యాసం రాసి అచ్చేయించుకున్నాడు. ఆయన ప్రమోషను ఆ వ్యాసం మీదే ఆధారపడి ఉంది.

"మొగిలి సర్వీసు పన్నెండుసార్లు తెగిందండీ. రూలు ఒప్పుకోదు" అన్నాడాయన. ఇన్‌స్పెక్టరు మొగిలి పేరు కొట్టేయడానికి కలం తీశాడు.

అప్పుడు సత్తవ్వ లోపలికి వచ్చింది. మొగిలి పెళ్ళాం. మా ఫారంలోనే కలుపు తీస్తుంది. వరండాలో మొగుడి పక్కన నిలబడి అంతా విన్నది. కొడవలి ఇంకా చేతిలోనే ఉంది.

"గా పన్నెండు దినాలు మా ఆయన ఈడ లేడంటున్నరా సార్?"

"లేడమ్మా" అన్నాడు సూపరింటెండెంటు.

"ఇంట్ల గూడ లేడు. పొద్దుగాల్నే తానం జేసి, ఆపీసుకు పోతున్నానని పోయిండు. ఈడ లేక, ఇంట్ల లేక ఏడున్నట్టు? ఊర్ల ఇంకో ఇల్లు పెట్టిండా? జర మీరే అడుగుండ్రి. ఇయ్యాల తేలాలె."

వరండాలో మొగిలి తలకు చుట్టిన రుమాలు కళ్ళమీదికి లాక్కున్నాడు. నాకెక్కడి ధైర్యం వచ్చిందో గాని, లేచి వాన రిజిస్టరు తెచ్చి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టాను. పన్నెండు బ్రేకు రోజుల పేజీలూ తిప్పి చూపించాను. అన్నిటి మీదా మొగిలి సంతకమే. మూడేళ్ళలో అన్నిటికంటే పెద్ద వాన కొలిచింది కూడా ఒక బ్రేకు రోజునే.

"ఇదేంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అలవాటుకొద్దీ సంతకం పెట్టి ఉంటాడండీ. మనిషి మాత్రం డ్యూటీలో లేడు" అన్నాడు సూపరింటెండెంటు.

"లేని మనిషి వాన ఎట్ల కొలిచిండు? అయితే ఈ అంకెలు ఉత్తవేనా? నేను చదివిన మీ వ్యాసంల గూడ ఇవే ఉన్నయి గద."

సూపరింటెండెంటు గారి పని అడకత్తెరలో పోకచెక్క అయింది. మొగిలి రాలేదంటే వ్యాసం బూటకమవుతుంది. వచ్చాడంటే సర్వీసు తెగలేదని ఒప్పుకోవాలి. ఆయన బల్లమీది గాజు పేపరువెయిటును అటు తిప్పి ఇటు తిప్పి, మంచినీళ్ళు తాగి, చివరికి నోరు విప్పాడు.

"అంకెలు నిజమేనండీ."

"అయితే మనిషి గూడ నిజమే" అని ఇన్‌స్పెక్టరు పర్మనెంటు జాబితాలో మొగిలి పేరు రాసుకున్నాడు.

సత్తవ్వకు మాత్రం కోపం తగ్గలేదు. "అంటే గిన్నిసార్లు ఉత్తపుణ్యానికి పనిజేసిండా?" అని నన్నడిగింది. అవునన్నాను. మొగుడి వైపు తిరిగి, "నువ్వు ఇంకో ఇల్లు పెట్టినా నయముండు" అని కలుపుకు వెళ్ళిపోయింది.

నెల దాటాక ఉత్తర్వు వచ్చింది. మొగిలిని పిలిచి నేనే చదివి వినిపించాను. మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. చదివాను. కాగితం చేతికిచ్చినా కదల్లేదు.

"ఇగ నన్నెవలు రేపు రావద్దనరా సార్?"

"ఎవరూ అనరు."

అతను నా చేతిలోని కలం వైపు చూశాడు.

"మీరు గూడ?"

మూడేళ్ళుగా అతన్ని రావద్దంటున్నది యూనివర్సిటీయేనని అనుకుంటూ వచ్చాను. "నేను కూడా అనను" అన్నాను గాని, తలెత్తి చెప్పలేకపోయాను.