సున్నా ఉండకూడని గడి

బుల్లబ్బాయి ఆటోలోకి మేత బస్తా వేసిన ప్రతిసారీ త్రిమూర్తులు కంప్యూటర్ మీంచి తలెత్తి చూస్తున్నాడు. రొయ్యల మేత బస్తా లుంగీ మడతలో పట్టదని తెలుసు. అయినా లుంగీ వైపే చూస్తున్నాడు.

భీమవరంలో అచ్యుతరామరాజు గారి మేత కొట్టులో అతను గుమస్తా. బట్టతల, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. అంతకుమించి చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు. ఈమధ్య ఏ రకం మేత అయిపోయినా, కంప్యూటర్లో ఇంకో బస్తా ఉన్నట్టే చూపిస్తోంది. గోడౌనులో చూస్తే ఉండదు. తాళాలు హమాలీ బుల్లబ్బాయి దగ్గరే ఉంటాయి. ఇంకెవరు తీస్తారండీ అని రాజుగారి చెవిన వేసింది త్రిమూర్తులే.

రాజుగారి అబ్బాయి వంశీకి మాత్రం కంప్యూటర్లోని సరుకు లెక్కల షీటు మీదే అనుమానం. నిన్న అందులో ఒక మాక్రో రాసిపెట్టాడు. ఎవరు ఏ గడిలో అంకె మార్చినా అది గుర్తు పెట్టుకుంటుంది. తను బటన్ నొక్కితే ఆ గడులు పసుపు రంగులో బయటపడతాయి, పక్కనే మార్చినవాళ్ల పేరు. త్రిమూర్తులు సంబరపడ్డాడు. షీటు శుభ్రంగా ఉందని తేలితే తన మాట నిలబడుతుంది.

పొద్దెక్కాక రాజుగారు బుల్లబ్బాయిని పిలిచి, బస్తాలు నువ్వే తీస్తున్నావా అని అడిగేశారు. అతను గొంతు పెంచలేదు. త్రిమూర్తులు వైపు తిరిగాడు.

"మీరూ అలాగే అనుకున్నారాండి, గుమస్తా గారూ?"

త్రిమూర్తులు మౌస్ కదుపుతూ ఉండిపోయాడు. బుల్లబ్బాయి తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం వంశీ వచ్చి బటన్ నొక్కాడు.

"మార్చింది మీరేనండి. సున్నా తీసేసి ఒకటి కొట్టారు. పొద్దున్న కూడా."

త్రిమూర్తులు ఆ పసుపు గడిని చూశాడు. వాళ్లమ్మ బియ్యం అయిపోయాయని ఏనాడూ అనేది కాదు, డబ్బా అడుగున గుప్పెడు మిగిల్చేది. సరుకు పక్కన సున్నా కనిపిస్తే అతని వేలు ఊరుకోదు. చేత్తో రాసే రోజుల్లో ఆ ఒకటి పక్కన చుక్క పెట్టేవాడు, అది శకునానికి వేసిందేనని, సరుకు లేదని కొట్టులో అందరికీ తెలిసేది. కంప్యూటరొచ్చాక చుక్క పోయింది, అలవాటు మిగిలింది. అదొక మార్పని అతనెప్పుడూ అనుకోలేదు.

రాజుగారికి ఉన్నదున్నట్టు చెప్పేసి, మోపెడ్ మీద బుల్లబ్బాయి ఇంటికి వెళ్లాడు. తలుపుకి తాళం. పక్కింటి పెద్దింట్లమ్మ చాట పక్కన పెట్టి లేచింది.

"పెళ్లాన్ని తీసుకుని కొవ్వూరు పోయాడండి, బావమరిది దగ్గరికి. దొంగన్నాక ఈ ఊళ్లో ఏం ఉంటానన్నాడు. ఇంక రాడండి."

ఫోన్ చేస్తే ఎత్తలేదు. త్రిమూర్తులు కొట్టుకు తిరిగొచ్చి, ఆ గడిలో ఒకటి చెరిపి సున్నా కొట్టాడు. గోడౌను తలుపు వేయబోతుంటే, బస్తాలు మోసేటప్పుడు బుల్లబ్బాయి నెత్తిన వేసుకునే గోనెసంచి మేకుకు వేలాడుతోంది, ఇంకా మేతపొడి అంటుకునే ఉంది.