గొడుగు పట్టిన చెయ్యి

మార్కెట్ యార్డులో పొద్దున్నించి కందులు చెరుగుతున్న నర్సింగమ్మ, సగం కుప్ప వదిలేసి, జుట్టునిండా పొట్టుతోనే ఫంక్షన్ హాలుకు వచ్చింది. ఆ పూట కూలి పోయినట్టే. ఆమె ఇచ్చిన ఫోటోను గేటు మీద పెద్దగా కట్టారని ఎవరో చెప్పారు.

కట్టారు. ఫ్లెక్సీ నడుమ దొర. ఆయన నెత్తిమీద గొడుగు. గొడుగు కర్రను పట్టుకొని మణికట్టు దాకా ఒక చెయ్యి. ఆ చేతికి మనిషి లేడు. గొడుగు తీసేస్తే దొర దర్జా తగ్గుతుందని చేతిని మాత్రం దయతలిచి ఉంచారు.

లోపల 'మన ఊరి చరిత్ర' ప్రదర్శన. పాత పెళ్లిపత్రికలు, సినిమా కరపత్రాలు, బస్సు టికెట్లు అద్దాల కింద పరిచారు. అన్నీ ఇల్లిల్లూ తిరిగి అడుక్కొచ్చినవే. పైన మాత్రం 'దొరవారి కుటుంబ సౌజన్యంతో' అని బోర్డు. ఖర్చు దొర మనుమడిది మరి. ప్లాట్ల వ్యాపారానికి తాత పేరు అవసరమయ్యాక ఆయనకు ఊరి చరిత్ర మీద ప్రేమ పుట్టింది. ఆ కుటుంబం పట్నం పోతూ తమ కోటలాంటి గడిలోంచి ఊడ్చి పారేసిన చెత్తలోనే ఈ ఫోటో నర్సింగమ్మ తల్లికి దొరికింది.

అసలు ఫోటో బల్ల మీద ఉంది. అందులో దొర, ఆయన పక్కన పనివాళ్ల గుంపు. గొడుగు పట్టిన గాలయ్య నర్సింగమ్మ తండ్రి. ఆయనకు వేరే ఫోటో లేదు. ఏటా పెద్దలకు పెట్టుకునే పెత్రమాసకు ఆమె ఆ గుంపులో తండ్రిని వెతికి, ఆయన నుదుటికే బొట్టు పెడుతుంది. దొరకు పెట్టదు. ఇప్పుడు గాలయ్యకూ దొరకూ మధ్య పెన్సిలు గీత గీసి ఉంది. ఫ్రేములు కట్టే జానీ, అట్టలు కోసే కట్టరు పట్టుకొని నిలబడ్డాడు.

"గా గీత ఏంది సారు?" అని ప్రదర్శన కమిటీ పెద్ద భిక్షపతిని అడిగింది. ఆయన చరిత్ర లెక్చరరుగా చేసి రిటైరయ్యాడు. నెల కింద చేతులు జోడించి ఫోటో తీసుకుపోయింది ఆయనే.

"ఫ్రేముల పట్టాలె కద. గా పక్కంత కుంకుమతోని ఖరాబైంది. ఎవలో ఏందో."

"ఎవలో కాదు. మా నాయిన."

"అయితేంది నర్సింగమ్మ? గొడుగు వట్టిండు, గంతే కద."

"కూలి ఇయ్యక ఊకెనే వట్టిచ్చిండ్రు. గది రాసిండ్రా యాడన్న?"

భిక్షపతి నవ్వాడు. ముప్పై ఏళ్లు క్లాసులో వెట్టిచాకిరీ పాఠం చెప్పి, దానిమీద పది మార్కుల ప్రశ్న ఇచ్చి, అది రాయని పిల్లల్ని ఫెయిలు చేసిన మనిషి.

"గవన్ని ఇప్పుడెందుకు? కాపీ ఇస్త, తీస్కపో."

"చెయ్యి కాపీనా?"

ఆయన నవ్వు పోయింది. "ఇచ్చినంక గది ఊరిది. జానీ, కొయ్యి. దొరోళ్ల మనుమడు వస్తుండు."

నర్సింగమ్మ వంగి, గీత మీద అరచెయ్యి పరిచింది.

"కొయ్యి బిడ్డ," అంది జానీతో. "నా చేతి ఏళ్లు అడ్డమొస్తె ఏళ్లు గూడ కొయ్యి."

జానీ ఆ చేతిని చూశాడు. కట్టరు తిప్పి, పిడి ముందుకు పెట్టి భిక్షపతికి అందించాడు.

"నాతోని కాదు సారు. మీరే కొయ్యిండ్రి."

బయట బ్యాండు మొదలైంది, కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది. కట్టరు ఎట్లా పట్టుకోవాలో తెలియక భిక్షపతి దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు. నర్సింగమ్మ చెయ్యి తియ్యలేదు.